పోటీదారుల పొత్తు

యంత్రాలు మాట్లాడుకున్న కాలం: 9వ భాగం

గత భాగంలో 1970ల చివరిదాకా వచ్చాం. రాబర్ట్ మూగ్ సింథసైజర్ గదినిండా తీగలు పరుచుకున్న యంత్రంగా మొదలై, ఒక మనిషి మోసుకుని వేదిక ఎక్కగల కీబోర్డుగా తగ్గిన వైనం చూశాం. ఆ యంత్రాలను నడిపించింది వోల్టేజీ అని కూడా చెప్పుకున్నాం. మీట నొక్కితే ఒక వోల్టేజీ పుడుతుంది, దాన్ని బట్టి స్వరం పలుకుతుంది. మూగ్ లెక్కలో ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి పైకి వెళుతుంది. యమహా, కోర్గ్ కంపెనీల తొలి యంత్రాల్లో లెక్క వేరు. అక్కడ స్వరం ఒక స్థాయి పెరగాలంటే వోల్టేజీ రెట్టింపు కావాలి. ఈ రెండు రకాల యంత్రాలను ఒక తీగతో కలిపితే అపశ్రుతి తప్ప మరేమీ వచ్చేది కాదు.

మైక్రోప్రాసెసర్ వచ్చాక ఈ గందరగోళం తగ్గాలి. నిజానికి ఇంకా పెరిగింది. రోలాండ్ తన యంత్రాల కోసం డిజిటల్ కంట్రోల్ బస్ అనే పద్ధతి తెచ్చింది. ఓబర్‌హైమ్ మరో పద్ధతి పట్టుకుంది. సీక్వెన్షియల్ సర్క్యూట్స్ తన దారి తాను చూసుకుంది. ఒక కంపెనీ కీబోర్డు కొన్న సంగీతకారుడు తరువాతి వాయిద్యం కూడా అదే కంపెనీ దగ్గర కొనాలి, లేదా రెండింటినీ రెండు చేతులతో విడివిడిగా వాయించుకోవాలి. వేదిక మీద ఒక్క కళాకారుడి చుట్టూ నాలుగైదు కీబోర్డులు కోటగోడలా కనిపించడానికి ఆడంబరం ఒక్కటే కారణం కాదు. ఆ యంత్రాలకు ఒకదాని మాట ఒకదానికి తెలియదు.

ఈ చిక్కు విప్పింది పోటీదారులే. ఒకరి సరుకు ఒకరు అమ్ముడుపోనివ్వని కంపెనీలు ఒక బల్ల చుట్టూ కూర్చుని, ఒక ఉమ్మడి పద్ధతిని రాసి, దాన్ని లోకానికి ఉచితంగా ఇచ్చేశాయి. దాని పేరు మిడి.

గడియారాలు బాగుచేసిన కుర్రవాడు

ఇకుతారో కకెహాషి 1930లో జపాన్‌లోని ఒసాకాలో పుట్టారు. ఊహ తెలియకముందే తల్లిదండ్రులిద్దరినీ క్షయ పొట్టన పెట్టుకుంది. తాత, అవ్వల దగ్గర పెరిగారు. యుద్ధం ముగిశాక క్యూషూ దీవికి వెళ్లి, మీసాలైనా రాని వయసులో గడియారాల మరమ్మతు మొదలుపెట్టారు. అక్కడి నుంచి రేడియోల మరమ్మతుకు మళ్లారు. పై చదువు చదువుదామని ఒసాకా తిరిగివస్తే, అమ్మానాన్నలను తీసుకుపోయిన జబ్బే ఆయన్నూ పట్టుకుంది. ఏళ్ల తరబడి ఆసుపత్రి మంచానికే అతుక్కుపోయారు. స్ట్రెప్టోమైసిన్ మందు ఆయన్ను బతికించింది.

బయటికి వచ్చి 1954లో ఒక రేడియో దుకాణం తెరిచారు. 1960లో ఏస్ ఎలక్ట్రానిక్ ఇండస్ట్రీస్, 1972లో రోలాండ్ స్థాపించారు. ఆయన ఏ గురువు దగ్గరా సంగీతం నేర్చుకోలేదు. అందుకే కాబోలు, వాయిద్యాన్ని ఎప్పుడూ నేర్చుకునేవాడి వైపు నుంచి చూశారు. కొత్తవాడికి అందుబాటు ధరలో ఉండాలి, కొన్న వస్తువు రేపు మూలన పడకూడదు. ఆయన నిర్ణయాలన్నింటి వెనుకా ఈ రెండు పట్టింపులు కనిపిస్తాయి.

1981 జూన్‌లో కకెహాషి అమెరికా కంపెనీ అధిపతి టామ్ ఓబర్‌హైమ్ ముందు ఒక ప్రతిపాదన పెట్టారు. ఏ కంపెనీ యంత్రమైనా మరే కంపెనీ యంత్రంతోనైనా కలిసేలా అందరికీ ఒకే పద్ధతి ఉండాలన్నది దాని సారం. ఓబర్‌హైమ్ దగ్గర అప్పటికే సొంత పద్ధతి ఉంది. అయితే అది ఖరీదైనది, తీగలు ఎక్కువ అని కకెహాషికి అనిపించింది. మాట డేవ్ స్మిత్ దగ్గరికి చేరింది.

స్మిత్ శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టి, బర్క్‌లీలో చదివిన ఇంజినీరు. ఆయన కంపెనీ సీక్వెన్షియల్ సర్క్యూట్స్ తెచ్చిన ప్రాఫెట్-5 అప్పట్లో ఒక సంచలనం. మైక్రోప్రాసెసర్ సాయంతో తన నాదాలను తానే గుర్తుపెట్టుకుని, మీట నొక్కగానే తిరిగి పలికించే కీబోర్డు అది. యంత్రం లోపల కంప్యూటర్ ఉన్నప్పుడు, రెండు యంత్రాల మధ్య కంప్యూటర్ల సంభాషణ ఎందుకు సాధ్యం కాదు? ఈ ప్రశ్నకు జవాబు రాయడానికి స్మిత్, ఆయన సహచరుడు చెట్ వుడ్ కలిసి కూర్చున్నారు.

బల్ల చుట్టూ మిగిలినవాళ్లు

1981 అక్టోబరులో యమహా, కోర్గ్, కవాయ్ ప్రతినిధులతో కూడా చర్చలు జరిగాయి. ఆ శరదృతువులోనే న్యూయార్క్‌లో జరిగిన ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ సమావేశంలో స్మిత్, వుడ్ తమ పత్రం చదివారు. అందులోని పేరు యూనివర్సల్ సింథసైజర్ ఇంటర్‌ఫేస్. 1982 జనవరిలో అమెరికా వాయిద్య వ్యాపారుల వార్షిక ప్రదర్శన జరిగినప్పుడు చాలా కంపెనీల వాళ్లు ఒక గదిలో కలిశారు.

అక్కడే అభిప్రాయభేదాలు బయటపడ్డాయి. వేగం చాలదన్నారు కొందరు. ఇంకా ఎక్కువ సమాచారం ఒకేసారి పోవాలన్నారు ఇంకొందరు. ఎవరి కోరిక వాళ్లకు న్యాయంగానే ఉంది. అందరి కోరికలూ తీరిస్తే మాత్రం తీగ లావెక్కుతుంది, ధర పెరుగుతుంది, చవక కీబోర్డులో దానికి చోటుండదు. చాలామంది అమెరికన్లు క్రమంగా ఆసక్తి వదులుకున్నారు. చివరిదాకా పట్టు విడవనివి ఐదు: అమెరికా నుంచి సీక్వెన్షియల్ ఒక్కటే, జపాన్ నుంచి రోలాండ్, యమహా, కోర్గ్, కవాయ్.

ఈ ఐదూ కలిసి చేసిన అసలు పని కత్తిరింపు. ఉండాల్సిన దాన్ని ఉంచి, ఉంటే బాగుండు అనిపించినదంతా కోసేశాయి. యంత్రానికి అయ్యే అదనపు ఖర్చు కొద్ది డాలర్లు దాటకూడదన్నది వాళ్ల గీటురాయి.

మూడు బైట్లలో ఒక స్వరం

ఇంతకీ ఆ తీగలో ఏం ప్రవహిస్తుంది? చాలామంది అనుకునేట్టు సంగీతం కాదు, ఆజ్ఞ. పెళ్లిపందిట్లో పురోహితుడు "గట్టిమేళం!" అని చెయ్యెత్తగానే డోలు, సన్నాయి మిన్నంటుతాయి. ఆయన నోటి మాటలో డోలు చప్పుడు లేదు, ఎప్పుడు వాయించాలన్న సూచన మాత్రమే ఉంది. మిడి చేసేది కూడా ఇదే.

కీబోర్డు మధ్యలో ఉండే 'సి' మీటను కాస్త గట్టిగా నొక్కారనుకుందాం. తీగలో మూడు అంకెలు బయలుదేరతాయి: 144, 60, 100. మొదటిది "ఒకటో చానెల్‌లో స్వరం మొదలుపెట్టు" అనే ఆదేశం. రెండోది ఏ మీట అన్నది. మధ్య 'సి'కి మిడి ఇచ్చిన సంఖ్య 60. మూడోది ఎంత బలంగా నొక్కారన్నది, 1 నుంచి 127 మధ్య. వేలు తీసేస్తే "ఆపు" అని మరో సందేశం పోతుంది. అంతే.

ఆదేశాన్నీ వివరాన్నీ యంత్రం పోల్చుకునే తీరు చూడండి. ప్రతి బైట్‌లో ఎనిమిది బిట్లు. మొదటి బిట్ ఒకటి అయితే అది ఆదేశం, సున్నా అయితే వివరం. అందుకే ఆదేశాలు 128 నుంచి మొదలవుతాయి, వివరాలు 127తో ఆగుతాయి. తీగ మధ్యలో ఊడి మళ్లీ పెట్టినా యంత్రం తికమకపడదు, తరువాతి ఆదేశం రాగానే దారిలో పడుతుంది. చానెళ్లు 16. అంటే ఒకే తీగ మీద పదహారు వాయిద్యాలకు విడివిడిగా సందేశాలు పంపవచ్చు. తన చానెల్ కాని మాటను ప్రతి యంత్రం వదిలేస్తుంది.

వేగం సెకనుకు 31,250 బిట్లు. ఈ వింత సంఖ్యకు కారణం ఉంది. ఆ రోజుల్లో చవగ్గా దొరికే పది లక్షల హెర్ట్జ్ గడియారాన్ని 32తో భాగిస్తే సరిగ్గా ఇదే వస్తుంది, అదనపు విడిభాగం అక్కర్లేదు. ఒక బైట్ పంపాలంటే ముందొకటి, వెనకొకటి కలిపి పది బిట్లు. లెక్క వేస్తే ఒక స్వరం ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి చేరడానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. చెవి దాన్ని పసిగట్టలేదు.

తీగ చివరనున్న గుండ్రటి ప్లగ్గుకు ఐదు పిన్నులుంటాయి. పనిచేసేవి మూడే. రెండింటిలో సంకేతం, మధ్యదానిలో బయటి రొద రాకుండా కవచం. ఈ ప్లగ్గును కొత్తగా కనిపెట్టలేదు, అప్పటికే ఆడియో సామగ్రిలో వాడుతున్నదాన్నే తీసుకున్నారు. అవతలి యంత్రం లోపల ఇంకో ఏర్పాటు ఉంది. వచ్చిన విద్యుత్తు నేరుగా లోపలికి పోదు. ఒక చిన్న ఎల్‌ఈడీని వెలిగించి ఆర్పుతుంది. ఆ వెలుగును ఎదురుగా ఉన్న సెన్సర్ చూసి సంకేతంగా మారుస్తుంది. రెండు యంత్రాల మధ్య విద్యుత్ సంబంధం తెగిపోయి, వెలుగు సంబంధమే మిగులుతుంది. అందువల్ల స్పీకర్లలో గుయ్యిమనే హోరు పుట్టదు, ఒక యంత్రం షార్టయినా పక్కదాన్ని కాల్చదు. పొదుపుగా ఆలోచించినవాళ్లు ఈ ఒక్క చోట మాత్రం ఖర్చుకు వెనకాడలేదు. నాకు వాళ్ల మీద గౌరవం పెరిగేది ఇక్కడే. దేన్ని కోయాలో తెలిసినవాళ్లకు దేన్ని కోయకూడదో కూడా తెలుసు.

అనాహైమ్‌లో ఒక తీగ

1982 అక్టోబరులో 'కీబోర్డ్' పత్రిక ద్వారా రాబర్ట్ మూగ్ ఈ పద్ధతిని పాఠకులకు పరిచయం చేశారు. వోల్టేజీ యుగానికి ఆద్యుడే తరువాతి యుగాన్ని ప్రకటించడం చరిత్రలో ఒక ముచ్చట. ఆ ఏడాది చివర సీక్వెన్షియల్ ప్రాఫెట్-600 మార్కెట్లోకి వచ్చింది. 1983 జనవరిలో కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో జరిగిన వాయిద్య ప్రదర్శనలో దాన్ని రోలాండ్ జూపిటర్-6తో ఒక తీగతో కలిపారు. ఒక దేశపు కీబోర్డు మీద మీట నొక్కితే పోటీ కంపెనీ తయారుచేసిన మరో దేశపు కీబోర్డు పలికింది. అదే ఏడాది ఆగస్టులో మిడి 1.0 నిబంధనావళి అచ్చయింది.

యమహా డీఎక్స్7 కూడా 1983లోనే వచ్చి లక్షకు పైగా అమ్ముడైంది. దాని వెనుక భాగాన మిడి రంధ్రాలున్నాయి. మరుసటేడు రోలాండ్ ఎంపీయూ-401 అనే పెట్టెతో పర్సనల్ కంప్యూటర్లకు మిడి భాష నేర్పింది. 1985లో అటారీ ఎస్టీ కంప్యూటర్ ఆ రంధ్రాలను ఒంటిమీదే పెట్టుకుని వచ్చింది. ఇక పాటను తెర మీద గీతలుగా చూసుకుని, తప్పు పడ్డ స్వరాన్ని మౌస్‌తో లాగి సరిచేసుకునే రోజులు మొదలయ్యాయి. మూడు నిమిషాల పాటను సీడీ నాణ్యతతో దాచాలంటే 30 మెగాబైట్లకు పైగా కావాలి. అదే పాట మిడి సందేశాలుగా కొన్ని పదుల కిలోబైట్లలో ఒదుగుతుంది. ఫ్లాపీలో పాటలు ఇచ్చిపుచ్చుకోవడం, ఆ తరువాత సెల్‌ఫోన్లలో బహుస్వర రింగ్‌టోన్లు మోగడం ఈ పొదుపు చలవే.

ఆ తీగ వాయిద్యాలతో ఆగలేదు. 1987లో మిడి టైమ్ కోడ్ వచ్చింది. బొమ్మ ఎన్నో ఫ్రేము దగ్గరుందో సంగీత యంత్రానికి చెబుతూ పోవడం దాని పని. సినిమాకు నేపథ్య సంగీతం కట్టేవాళ్లకు అది వరమైంది. 1991లో మిడి షో కంట్రోల్ నాటకశాలలోకి అడుగుపెట్టింది. కెనడాకు చెందిన చార్లీ రిచ్‌మండ్ దానికి పూనుకున్నారు. దీపాలు, శబ్దం, వేదిక మీది యంత్రాలు అన్నీ ఒకే సూచనతో కదలసాగాయి. 1992లో మిడి మెషీన్ కంట్రోల్ టేపు యంత్రాల పగ్గం పట్టింది. 240, 127, 127, 6, 2, 247 అన్న ఆరు అంకెలు తీగలో పోతే చాలు, దాన్ని అర్థం చేసుకునే రికార్డర్లన్నీ "ప్లే" మొదలుపెడతాయి. ఐదో అంకె 2కు బదులు 1 అయితే ఆగుతాయి, 5 అయితే వెనక్కి తిరుగుతాయి. పాట రాసే కంప్యూటర్ ముందు కూర్చునే స్టూడియో అంతా నడపడం ఇలా సాధ్యమైంది.

మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో

1980లలో తెలుగు సినిమా పాటలు ఎక్కువగా మద్రాసులోనే రికార్డయ్యేవి. కాబట్టి ఈ మార్పు మన చెవికి అక్కడి నుంచే చేరింది. 1986లో వచ్చిన తమిళ చిత్రం 'పున్నగై మన్నన్' పాటలకు ఇళయరాజా కంప్యూటర్ సీక్వెన్సింగ్ వాడారు. ఆ రోజుల్లో మద్రాసులో కీబోర్డు వాయించే కుర్రవాళ్లలో ఏ.ఆర్. రెహమాన్ ఒకరు. 1992లో 'రోజా'తో సంగీత దర్శకుడు కాకముందు ఆయన తెలుగులో రాజ్-కోటి ద్వయం దగ్గర కూడా పనిచేశారు. సాలూరి రాజేశ్వరరావు కుమారుడైన కోటి, తోటకూర సోమరాజు కలిసి తెలుగు పాటలకు కొత్త నాదాలు తొడిగిన కాలమది.

లాభంతోపాటు నష్టం కూడా వచ్చింది, చరిత్ర రాసేవాళ్లు దాన్ని దాటవేయకూడదు. వయొలిన్ల బృందం కూర్చునే చోట ఒక కీబోర్డు కూర్చుంది. డ్రమ్ము కొట్టే మనిషి పని ఒక పెట్టె చేసింది. చిన్న బడ్జెట్ చిత్రానికి, ఊళ్లోని భక్తిగీతాల క్యాసెట్‌కు నిండైన వాద్యగోష్ఠి అందింది నిజమే. రోజు కూలి లెక్కన వాయించి బతికిన వాద్యకారులు చాలామంది పని కోల్పోయిందీ నిజమే.

గమకం ఎక్కడ?

మన సంగీతానికి సంబంధించి ఇంకో లోతైన చిక్కుంది. మిడి కీబోర్డు మనసుతో ఆలోచిస్తుంది. దాని దృష్టిలో స్వరమంటే ఒక మీట, ఒక సంఖ్య. కర్ణాటక సంగీతంలో స్వరం ఒక చుక్క కాదు, ఒక కదలిక. తోడిలో గాంధారాన్ని ఊపకుండా నిలబెడితే అది తోడి కాదు. ఇదే అభ్యంతరంతో 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని పక్కన పెట్టింది, ఆ నిషేధం మూడు దశాబ్దాల పాటు సాగింది.

మిడిలో స్వరాన్ని వంచే ఏర్పాటు లేకపోలేదు. అందుకు కేటాయించిన సందేశంలో 16,384 మెట్లున్నాయి, కాబట్టి గమకపు సూక్ష్మతకు లోటు లేదు. చిక్కల్లా అది చానెల్ మొత్తానికీ వర్తించడంలో ఉంది. ఒకే చానెల్‌లో షడ్జం నిలిపి ఉంచి గాంధారాన్ని ఊపబోతే షడ్జం కూడా ఊగిపోతుంది. వీణ మీద పక్కన తాళపు తీగలు నిశ్చలంగా మోగుతుండగా మెట్టు మీద తీగను లాగే వైణికుడికి ఇది మింగుడుపడదు. 1991లో జనరల్ మిడి పేరుతో అన్ని యంత్రాల్లోనూ ఉండాల్సిన 128 నాదాల పట్టిక తయారైంది. 105వ స్థానంలో సితార్ ఉంది, 112వ స్థానంలో షెహనాయ్ ఉంది. వీణ లేదు, నాదస్వరం లేదు. తాళవాద్యాల జాబితాలో బోంగోలున్నాయి, మృదంగం లేదు.

ఇందులో కుట్ర లేదు. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు తమకు తెలిసిన సంగీతాన్ని రాసుకున్నారు. మన సంగీతం తెలిసినవాళ్లు అక్కడ లేరు. ప్రమాణాలు రాసేచోట ఎవరుంటే వాళ్ల ప్రపంచమే అందరి ప్రపంచం అవుతుంది. ఈ లోటు కొంత తీరడానికి చాలా కాలం పట్టింది. 2018లో ఆమోదం పొందిన పద్ధతి ఒక్కో స్వరానికి ఒక్కో చానెల్ కేటాయించి, దేనికదే వంగేలా చేసింది. 2020 జనవరిలో ఆమోదించిన మిడి 2.0లో స్వరం స్వరానికీ విడి వంపు నిబంధనలోనే చేరింది. 128 మెట్లున్న మీట బలానికి ఇప్పుడు 65,536 మెట్లు. పాత తీగ మాట ఒకవైపే పోయేది, కొత్తదానిలో యంత్రాలు ఒకదాన్నొకటి అడిగి తెలుసుకోగలవు. ఇన్ని మార్పులు చేసినా 1983 నాటి యంత్రాలను వెలివేయలేదు. అవతలిది పాతదని తెలిస్తే కొత్త యంత్రం పాత మాటలే వాడుతుంది.

ఉచితంగా ఇచ్చినవాళ్లకు దక్కినది

మిడి మీద కకెహాషి, స్మిత్ రాయల్టీ తీసుకోలేదు. ఏ కంపెనీ అయినా అనుమతి రుసుము లేకుండా వాడుకోవచ్చని ముందే నిర్ణయించారు. తరువాత స్మిత్ కంపెనీ నష్టాల్లో కూరుకుపోయింది. 1987లో దాన్ని యమహా కొనేసింది, సీక్వెన్షియల్ అన్న పేరు కూడా చేజారింది. 2013లో ఇద్దరికీ కలిపి టెక్నికల్ గ్రామీ పురస్కారం వచ్చింది. 2015లో యమహా ఆ పేరును ఎలాంటి పేచీ లేకుండా స్మిత్‌కు తిరిగి ఇచ్చేసింది. ఇవ్వమని యమహాను ఒప్పించినది వాళ్ల పాత పోటీదారు కకెహాషి. ఆయన 2017లో, స్మిత్ 2022లో కన్నుమూశారు.

ఈ చరిత్ర చదివాక నాకు ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. ఆ ఐదు కంపెనీలు తీగ మీద హక్కు కోసం పంతానికి పోయుంటే ఏదో ఒక కంపెనీ పదేళ్లు లాభపడేది, ఆ తీగ పదేళ్లకే చచ్చిపోయేది. హక్కు వదులుకున్నందువల్లే నలభై ఏళ్లు దాటినా అది బతికి ఉంది. సాఫ్ట్‌వేర్ రంగంలో మన తెలుగు పిల్లలు వేలల్లో ఉన్నారు. వాళ్లలో సంగీతం నేర్చినవాళ్లూ తక్కువేం కాదు. మిడి సంఘంలో వ్యక్తిగత సభ్యత్వానికి రుసుము లేదు, నిబంధనలు చదువుకోవడానికీ డబ్బు కట్టక్కర్లేదు. ఈసారి ప్రమాణం రాసే బల్ల దగ్గర వీణ, నాదస్వరం, మృదంగం తెలిసినవాళ్లు కూడా కూర్చోవాలి. ఆ పని మనదే, మన బదులు మరొకరు చెయ్యరు.

వచ్చే భాగంలో: 1991లో విండోస్ కంప్యూటర్‌కు సీడీ, వీడియో, శబ్దాలను "తెరువు, వాయించు, ఆపు" లాంటి సాదా మాటలతో నడపడం నేర్పిన మీడియా కంట్రోల్ ఇంటర్‌ఫేస్ కథ.